అత్తయ్య అడిగిన అడ్రసు

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న ప్రిన్సిపాల్ గారికి, మైకు దగ్గరగా పెట్టుకోమని అప్పుడే సైగలు మొదలుపెట్టిన లెక్కల మాస్టారికి, పరీక్షలైపోయినా నా మాట వినడానికి వచ్చిన పిల్లలకు, ముందు వరసలో కూర్చుని గడియారం చూసుకుంటున్న మా అత్తగారికి నమస్కారం. (నవ్వులు)

రిటైరవుతున్న మనిషి ఇంత హుషారుగా ఉందేమిటని మీరు గుసగుసలాడుకోవడం వినపడుతూనే ఉంది. చెబుతాను.

ఇన్నేళ్లూ ఇక్కడ ఆసియా మతాల పాఠం చెప్పాను. ఆత్మ, కర్మ, నిర్వాణం పిల్లలకు మార్కుల ప్రశ్నలు. నిజం చెప్పాలంటే నాకూ అంతే, మా వారు పోయేదాకా. ఆయన పోయాక ఇంట్లో ఆయన తల్లి, నేను మిగిలాం. ఆవిడ గదిలో ఆవిడ, నా గదిలో నేను. "అన్నం పెట్టాను", "తలుపేశాను" తప్ప మాటల్లేవు. ఒకరోజు నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"నేనూ వస్తా నీ క్లాసుకి. వాడెక్కడున్నాడో నీ మతాలకు తెలిసే ఉంటుందిగా!"

వెనక బెంచీలో కూర్చున్నారు. హిందూ మతంలో ఆత్మకు చావు లేదు, కర్మను బట్టి మరో జన్మ ఎత్తుతుంది అన్నాను. "అయితే ఎవరింట్లో పుట్టాడో అడ్రసు చెప్పు" అన్నారు. మర్నాడు బౌద్ధం. శాశ్వతమైన 'నేను' లేదు, అన్నీ మారిపోతుంటాయి, పట్టుకుని వేలాడటమే దుఃఖానికి మూలం అన్నాను. "మరి నీ పెళ్లయిన దగ్గర్నుంచి నాతో పోట్లాడుతున్నది ఎవరే?" (నవ్వులు) అప్పుడూ క్లాసంతా ఇలాగే నవ్వింది. చైనా వాళ్ల తావో మతం పాఠం నాడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ప్రవాహానికి ఎదురీదకుండా సాగడమే దారి అంటే, "కొడుకు పోయిన తల్లికి చెప్పే మాటేనా ఇది?" అని లేచి వెళ్లిపోయారు.

ఇక రారనుకున్నాను. జైనం పాఠానికి వచ్చారు. ఏ ఒక్కరికీ నిజం మొత్తం కనపడదు, ఎవరి వైపు నుంచి వాళ్లకు కొంతే కనపడుతుంది అని చెప్పాను. తిరిగి వస్తుంటే బస్సులో అన్నారు:

"వాడు నాకు కొడుకు, నీకు మొగుడు. ఇద్దరం ఒక్కడి కోసమే వేరే వేరే గదుల్లో ఏడుస్తున్నాం. నీకు తెలిసినవాణ్ణి నాకు చెప్పవే. నాకు తెలిసినవాణ్ణి నీకు చెబుతా."

గడ్డం గీసుకుంటూ ఆయన కూనిరాగం తీసేవారని చెప్పాను. చిన్నప్పుడు చీకట్లో భయమేసి ఆ అలవాటు చేసుకున్నాడని ఆవిడ చెప్పారు. మేం దిగాల్సిన స్టాపు దాటిపోయింది, ఇద్దరం చూసుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి! ఎక్కువ తక్కువల్లేకుండా అందరూ ఒకే వరసలో కూర్చోవడం, సేవే పూజ అనుకోవడం సిక్కు మతం పాఠంలో విన్నప్పటి నుంచి మా అత్తగారికి కాళ్లు నిలవడం లేదు. మా ముందు గదిలో కుర్చీలన్నీ తీయించి చాపలు పరిపించారు. మా వీధిలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లన్నిటికీ స్వయంగా వెళ్లి పిలిచారు. సోమవారం నుంచి మా ఇంట్లోనే క్లాసు. నాకు రిటైర్మెంటు ఎక్కడండీ! (చప్పట్లు)

మొదటి పాఠం ఏం చెప్పమంటారు అత్తయ్యా అని అడిగితే, "దేవుడు, మోక్షం తర్వాత చూద్దాం. ఏడుస్తున్న మనిషి పక్కన ఎలా కూర్చోవాలో ముందు అది చెప్పు" అన్నారు.

ఇన్నేళ్ల నా నోట్సులో ఆ పాఠం లేదండీ. ఇంటికెళ్లి ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి, అందుకే ఈ తొందర. ఇంత ప్రేమ చూపించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.