మూటగట్టిన గాలి

బట్టలు కుట్టే మాస్టర్లు చాలామంది ఉంటారు గానీ అంగుళం మాస్టరు లాంటివాడు ఒక్కడే. గుడ్డ మీద టేపు పెట్టాడంటే పావు అంగుళం కూడా అటూ ఇటూ పోనివ్వడు. ఆ పేరు అలా వచ్చిందే. అదే మనిషి నోరు విప్పి కథ మొదలుపెట్టాడంటే మాత్రం మెడలో టేపు తీసి మేకుకి తగిలించేస్తాడు. ఇక ఆ కథ పొడవెంత, వెడల్పెంత అని అడిగే హక్కు ఎవరికీ ఉండదు.

షాపు వీధి మలుపులో ఒక్క గది. రెండు కుట్టుమిషన్లు, కత్తిరింపుల బల్ల, బల్ల కింద గుడ్డపీలికల గుట్ట, గుమ్మం పక్కన పొడుగాటి బెంచీ. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లూ, ఏ పనీ లేనివాళ్లూ కూర్చునేది ఆ బెంచీ మీదే. ఆ ఉదయం ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన బస్సు కండక్టరు, పని అయిపోయినా లేవకుండా అక్కడే ఉన్నాడు. కింద చాప మీద కాజాలు కుట్టే అక్క కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతోంది. బల్ల దగ్గర మాస్టరు కూతురు. పదహారేళ్లది. పసితనంలో చొక్కా గుండీ మింగి రెండు రోజులు ఇంటిల్లిపాదినీ కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. అప్పటినుంచి దాని పేరు గుండీయే.

గుండీ పక్కన స్టూలు మీద ఇంకో పిల్ల ఉంది. అదే ఈడు. పోయిన వేసవిలో గుండీ స్కౌటు జట్టుతో పరాయి దేశం వెళ్లి, ఆ పిల్ల ఇంట్లో మూడు వారాలు ఉండి వచ్చింది. అందులో ఒక వారం చెరువు గట్టున టెంట్లు వేసుకుని క్యాంపు. ఈ వేసవిలో ఆ పిల్ల ఇక్కడికి రావడం, వీళ్లింట్లో ఉండటం, పద్ధతే అది. మాస్టరు ఆ పిల్లకి చుట్టంపిల్ల అని పేరు పెట్టేశాడు. పిల్లలిద్దరూ చెరో సగం వచ్చిన ఇంగ్లీషులో గుసగుసలాడుకుంటారు. తెలుగులో చుట్టంపిల్లకి గుండీ నేర్పినవి నాలుగే మాటలు: నీళ్లు, చాలు, అత్తయ్యా, అద్భుతం. మొదటి మూడూ బాగానే వచ్చాయి. నాలుగోదే ఎంత దిద్దినా నాలుకకి పట్టలేదు. వచ్చిన రోజు అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, గుండీ వాళ్లమ్మ కళ్లలోకి చూస్తూ ఎంతో ప్రేమగా, "అబద్ధం, అత్తయ్యా" అంది. ఆవిడ గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ రోజు షాపులో కథ మొదలైంది కండక్టరు వల్ల. ఈ పిల్ల వాళ్ల ఊళ్లోనేనా మీ అమ్మాయి ఏదో టెంటు ఆపిందన్నావు అని అడిగాడు. అంతే, మాస్టరు మిషన్ తొక్కడం ఆపేశాడు. టేపు మేకు మీదికి వెళ్లిపోయింది.

గుండీ చేతిలోని గుడ్డముక్క బల్ల మీద పెట్టేసింది. ఆ కథకి విత్తనం తను వేసిందే. క్యాంపు నుంచి రాసిన ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం: 'గాలికి టెంటు ఎగిరిపోబోతే నేను తాడు పట్టుకుని ఆపాను నాన్నా.' ఏడాది తిరిగేసరికి ఆ వాక్యం ఇంత పెరిగి, వీధిలో ప్రతివాడి నోటా తిరిగి, ఇప్పుడు చుట్టంపిల్ల ఎదుటే మళ్లీ మొదటి నుంచి వస్తోంది.

మాస్టరు మెల్లగానే మొదలుపెట్టాడు. సాయంత్రం వేళ గాలి లేచింది, మా అమ్మాయి ఒంటిచేత్తో తాడు పట్టుకుంది అన్నాడు. అక్కడిదాకా ఎవరైనా నమ్ముతారు. తర్వాత లోపల ఒక పిల్ల ఉందన్నాడు. ఇంకో గుక్క టీ తాగేసరికి ఆ పిల్ల పదకొండు మంది అయ్యారు.

"అది మన గాలి లాంటిది కాదు. చెట్టు చెట్టుకీ ఆకులు దూసి అవతలి అడవిలో చెట్లకి అతికించిపోయే గాలి. టెంటు లేచింది, పదకొండు మందితో సహా లేచింది, ఇది తాడు వదల్లేదు, తాడుతో పాటు ఇదీ లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు మాస్టరూ, ఏ స్టేజీ దాకా టిక్కెట్టు కొట్టమంటావు?" అన్నాడు కండక్టరు.

చివరి స్టేజీ దాకా కొట్టుకో అన్నాడు మాస్టరు, ఏమాత్రం తడుముకోకుండా. పైన ఆకాశంలో టెంటు ఒక మూల పర్రున చిరిగిందట. దర్జీ కూతురు సూదీ దారం లేకుండా ఎక్కడికైనా వెళుతుందా? జేబులోంచి తీసి, గాల్లో వేలాడుతూనే డబుల్ కుట్టు వేసిందట. వంకర లేకుండా, ఇదిగో ఈ చొక్కా కాలరు మీద ఉన్నట్టు. కింద క్యాంపు వాళ్లంతా మెడలు పైకెత్తి చూసి చూసి, మూడు రోజులు ఆ మెడలు కిందికి దించలేకపోయారట.

అంత చెప్పి కూతురి వైపు తిరిగాడు. "ఆ పిల్లకి చెప్పవే నేనేమంటున్నానో. అక్కడే ఉంది కదా, సాక్షి."

గుండీ వంగి చుట్టంపిల్ల చెవిలో చెప్పింది. మీ చెరువు ఎంత బాగుంటుందో నాన్న చెబుతున్నాడని చెప్పింది. చుట్టంపిల్ల మొహం వెలిగిపోయింది. మాస్టరు వైపు తిరిగి నిండు మనసుతో, "అబద్ధం" అంది.

షాపు షాపంతా ఘొల్లుమంది. కాజాల అక్క వేలికి సూది గుచ్చుకుని, అయినా నవ్వుతూనే ఉంది. అద్భుతం అనబోయి అలా అంటుంది అని చెప్పి గుండీ కూడా నవ్వబోయి ఆగిపోయింది. రెండు వైపులా రెండు అబద్ధాలు చెబుతూ మధ్యలో తను కూర్చుంది. ఆ పిల్ల కుడికాలు స్టూలు కింద చాపుకుని ఉంది. మడమ మీద పొడుగాటి మచ్చ. గుండీకి ఆ మచ్చ తప్ప గదిలో ఇంకేమీ కనపడటం లేదు.

సరిగ్గా అప్పుడే స్కౌట్ల డ్రిల్లు మాస్టారు చేతిలో ఒక కాగితంతో గుమ్మంలోకి వచ్చారు. కొత్త డ్రెస్సు కొలతలివ్వడానికి కాబోలనుకున్నారు అందరూ. ఆయన వచ్చింది దానికి కాదు. వీధంతా ఈ టెంటు సంగతి మాట్లాడుకుంటుంటే ఏడాదిగా వింటున్నాననీ, కోతలు తీసేసినా అసలు సంగతి ఉత్తరంలో ఉందని మాస్టరు చూపించాడనీ, సాహసపు బిళ్లకి గుండీ పేరు పంపుతున్నాననీ చెప్పారు. ఏం జరిగిందో అమ్మాయి తన చేత్తో రెండు వాక్యాలు రాసి సంతకం పెడితే చాలట.

మాస్టరు ఆనందానికి ఇక హద్దు లేకపోయింది. సార్ కూర్చోండి, అసలు ఘట్టం మీరు వినలేదు అని బెంచీ దులిపాడు. ఇందాక టెంటు ఆకాశంలో ఉంది కదా. ఆ గాలంతా టెంటులోకి దూరిందట. గుండీ చూసిందట, ఇదే సమయమని టెంటు మూతి రెండు చేతులా బిగించి, గాలి మొత్తాన్ని మూటగట్టి, మూటకి ముడేసిందట.

"ఏ ముడి? అది చెప్పాలి. మీరు నేర్పిన ముడి కాదు సార్, కోపం తెచ్చుకోకండి. నేను నేర్పిన ముడి. దర్జీ ముడి. వేలికి ఒక చుట్టు, బొటనవేలితో ఒక నలుపు, ఒక్క లాగు. నాలుగేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పాను. ఆ మూట ఇప్పటికీ ఆ ఊరి గోదాములో ఉంది. ఎండాకాలం ఉక్కపోసినప్పుడల్లా కొంచెం వదులు చేసి ఇంటింటికీ ఇంత గాలి పంచుతారు. ముడి మాత్రం ఊడలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మాస్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలి మూట సంగతి ఆయనకీ తెలుసు కోత అని. ముడి సంగతి మాత్రం ఆయన నిజంగానే నమ్మాడు.

కలంతో పాటు కాగితం గుండీ ముందుకొచ్చింది. పైన బిళ్ల బొమ్మ అచ్చు వేసి ఉంది. చుట్టంపిల్ల అదేమిటని అడిగింది. గుండీ ఏం చెప్పాలో తోచక, నాకు ఇస్తారట అని మాత్రం చెప్పింది. ఎందుకిస్తారని కూడా అడగలేదు ఆ పిల్ల. స్నేహితురాలికి బిళ్ల వస్తోందంటే చాలు, చేతులు రెండూ పట్టుకుని ఊపేస్తూ, "అబద్ధం, అబద్ధం" అంది.

గుండీ కలం మూత పెట్టేసింది.

"అవును," అంది. "అబద్ధం."

ఇన్నాళ్లకి తన మాట సరిగ్గా వచ్చిందనుకుని చుట్టంపిల్ల చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు రెండు మోగి, మిగతావాళ్ల మొహాలు చూసి ఆగిపోయాయి.

"టెంటు నేను ఆపలేదు నాన్నా. అది ఎగిరిపోయిందే నా వల్ల."

తలెత్తకుండా చెప్పుకుపోయింది. ఆ రోజు టెంటు తాడు నేలలో పాతిన మేకుకి కట్టే పని తనది. డ్రిల్లు మాస్టారు నేర్పిన ముడి ఇక్కడ కళ్లు మూసుకుని వేసేది. అక్కడ అందరూ కొత్తవాళ్లు, అందరూ తననే చూస్తున్నారు, చేతులకి ఏదీ గుర్తు రాలేదు. చేతులకి మొదటినుంచీ వచ్చింది ఒక్కటే.

"ఏ ముడి వేశావు?" అన్నాడు మాస్టరు.

గుండీ చూపుడువేలు ఎత్తి, ఉత్తి గాల్లో ఒక చుట్టు చుట్టి, బొటనవేలితో నలిపింది. మాస్టరు వేళ్లు తమంతట తామే అదే పని చేశాయి. గుడ్డలో దారం జారకుండా చివర గడ్డకట్టి ఆపే ముడి అది. తాడు చివర ఇంత లావున గడ్డ కట్టింది గానీ మేకుని పట్టుకున్నది ఏమీ లేదు. అది దర్జీకి ఒకరు చెప్పాలా?

టెంటు చెరువులో పడింది. తను చెట్టు వెనక్కి పోయి కూర్చుంది. నీళ్లలోకి దిగి ఈడ్చుకొచ్చింది చుట్టంపిల్ల. రాయి కోసుకుని మడమ చీలింది. ముడి ఎవరు వేశారని క్యాంపు పెద్దలు అడిగితే నేనే అని కూడా ఆ పిల్లే చెప్పింది. జట్టు నాయకురాలని దాని చేతికి ఒక పట్టీ ఉండేది. అందరి ముందూ దాన్ని విప్పించారు. "ఆ సాయంత్రమే కూర్చుని నీకు ఉత్తరం రాశాను. ఆ పిల్ల కాలికి కట్టు కట్టించుకుని పక్కనే..."

అక్కడ గుండీ ఏడ్చేసింది. చుట్టంపిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఏడుపుకి తర్జుమా ఎందుకు? గుండీ భుజం మీద చేయి వేసి, తనకి వచ్చిన మాటల్లోంచి ఒకటి వెతుక్కుని, "చాలు" అంది.

గుండీ కళ్లు తుడుచుకుని అసలు సంగతంతా ఇంగ్లీషులో చెప్పింది, చెరువు గురించి చెప్పిన బొంకుతో సహా. రెండు మాటలకీ తేడా కూడా చెప్పింది: అద్భుతమంటే ఎంతో బాగుందని, అబద్ధమంటే ఉన్నది కాదని. చుట్టంపిల్ల మొహం చెవుల దాకా ఎర్రబడింది. మీ నాన్నని ఇన్ని రోజులుగా నేను అలా అన్నానా అన్నట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

కాజాల అక్క దారం కొరికి, తల ఎత్తకుండానే అంది. "ఆ పిల్లని సిగ్గుపడొద్దని చెప్పవే గుండీ. పొద్దున్నుంచీ ఈ షాపులో నిజం చెప్పింది అదొక్కతే."

డ్రిల్లు మాస్టారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. చుట్టంపిల్ల పూర్తి పేరు ఎలా రాయాలో అడిగి, చిన్న పుస్తకంలో రాసుకుని, వాళ్ల క్యాంపు పెద్దలకి ఉత్తరం రాయాలి, నువ్వూ సంతకం పెట్టాలి అని గుండీకి చెప్పి వెళ్లిపోయారు. కండక్టరు ప్యాంటు పొట్లం చంకన పెట్టుకున్నాడు గానీ ఎలా లేవాలో తెలియక అక్కడే కూర్చున్నాడు. తండ్రి తిడితే బాగుండునని గుండీ అనుకుంది. ఆయన మిషన్ మీద ఉన్న చొక్కా చేతిని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు.

ఎదురు కొట్టు టీ అబ్బి గ్లాసుల కోసం వచ్చాడు. జుట్టంతా నెరిసినా వీధికి అతను అబ్బే. ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి, గాలి మూట కథ నేను వినకుండానే అయిపోయిందా, ఇంకోసారి చెప్పు మాస్టరూ అన్నాడు.

గుండీ కళ్లు మూసుకుంది.

మాస్టరు లేచి, మేకు మీది టేపు తీసి మెడలో వేసుకున్నాడు. "టెంటు ఎంత ఎత్తు లేచిందమ్మా?"

"నా నడుం దాకా."

"ఎంత దూరంలో పడింది?"

"పది అడుగులు ఉంటుందేమో."

"ఉంటుందేమో వద్దు."

గుండీ ఆలోచించింది. "తొమ్మిది."

మాస్టరు టీ అబ్బి వైపు తిరిగాడు. "నడుమెత్తు లేచింది. తొమ్మిది అడుగుల అవతల నీళ్లలో పడింది. ఈ చుట్టంపిల్ల దిగి తెచ్చింది."

"అంతేనా?"

"అంతే." ఆయన కూర్చుని మిషన్ చక్రం మీద చేయి వేశాడు. తిప్పబోయి ఆగాడు. "ఊడిపోయిన ముడి నేను నేర్పింది."

టీ అబ్బి ఖాళీ గ్లాసులు ఏరుకుంటున్నాడు. గుండీ బల్ల కిందికి వంగి, ఏరాల్సిన పనేమీ లేకపోయినా, గుడ్డపీలికలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.