ఐదో మాట

మళ్లా తెచ్చినవా అన్నా? నిరుడు తెచ్చింది సాలలేదా?

కూసో బిక్షపతన్నా, కూసో. లోపలికి పోకు, ఆయన స్నానం జేస్తుండు. ఆ పొట్లం సంచిలనే ఉండనియ్యి, బయటికి తియ్యకు.

ఏంది? ఆయనే ఫోన్ జేసి తెమ్మన్నడా? ఆఁ, చేస్తడు, ఎందుకు చెయ్యడు! ఈస్టర్ ముందటి శ్రమదినాలు మొదలైనయి గద. నలభై రోజుల ఉపాసం పట్టిండు. దానికి తోడు నీ మందు కావాలె. ఆత్మకు ఆత్మ కడిగినట్టు, పేగులకు పేగులు కడిగినట్టు! రెండూ ఒక్క దెబ్బకు అయిపోవాలె ఆయనకు.

నిరుడు ఏం జరిగిందో నీకు పూర తెల్వదు. బీపీ లేసి పడిపోయిండని జెప్పినం. అబద్ధం. ఆయనే చెప్పొద్దన్నడు. "బిక్షపతికి తెలిస్తె మళ్లా మందియ్యడే" అన్నడు.

నిన్నేం తిడతలేను. మీరిద్దరు ఒక్క బాయిల ముప్పై ఏండ్లు బొగ్గెత్తినోళ్లు. రిటైరైనంక నువ్వు భద్రాచలంల మూలికల దుకాణం పెట్టినవ్. మా స్తెఫను ఈ ఏన్కూరు దిక్కు ఇంత ఇల్లు కట్టుకొని చర్చి పెద్ద అయిండు. ఎవరి దారి వాళ్లది. నిరుడు ఇదే అరుగు మీద కూసొని నువ్వేమన్నవ్? "చలికాలం పేరుకున్న కఫం ఎండ ముదరంగ కరుగుతది బావా, ఏడాదికి ఒక్కపాలి కడుపు కడుక్కోవాలె, మన పెద్దోళ్లు చేసిందే" అన్నవ్. అన్నవా లేదా?

అవ్, నాకు యాదికుంది. ముందుగాల నెయ్యి తాగాలె అన్నవ్. మందు ఒక్క రోజే అన్నవ్. ఆ ఎనక పల్చటి గంజి, మెల్లగ మెత్తటన్నం అన్నవ్. నువ్వు చెప్పలేదని నేనంటలేను.

ఆయనేం జేసిండో ఎరుకేనా? ఉపాసంల నెయ్యేందే అన్నడు, నెయ్యి బంద్. గంజి బంద్. మందు మాత్రం రోజు తప్పి రోజు! పొద్దంత పచ్చి మంచినీళ్లు గూడ ముట్టడు. చీకటి పడ్డంక రెండు రొట్టెలు. నీ సునాముఖి ఆకు, కరక్కాయ పొడి లోపలికి పోయి, ఏం దొరికితె అది ఊడ్సుకొస్తాంటె మనిషి ఏం మిగుల్తడు? అంగి కొయ్యకు తగిలేసినట్టు వేలాడబట్టింది.

పైగ షుగరు గోళీలు. "తిననప్పుడు గోళీలెందుకే" అని వాటిని గూడ ఆపేసిండు.

నేను ఊకున్ననా? మొత్తుకున్న. పాస్టరయ్యగారి దగ్గరికి పోయి "జర మీరన్న చెప్పుండ్రి" అన్న. "శరీరాన్ని లోబరుచుకుంటున్నడమ్మా, నువ్వు ఆటంకం కాకు" అన్నడు ఆయన. ఇగ ఎవరికి చెప్పుకోవాలె?

వచ్చింది గుడ్‌ఫ్రైడే. నీకు మా పద్ధతి తెల్వదు గద, చెప్త విను. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నుంచి మూడింటి దాక ఆరాధన ఉంటది. సిలువ మీద ప్రభువు ఏడు మాటలు పలికిండు. ఒక్కో మాట మీద ఒక్కో పెద్దమనిషి లేసి మాట్లాడాలె. ఈయనకు ఐదో మాట వచ్చింది. అదేందో ఎరుకేనా? దప్పిక మాట. ప్రభువు దప్పికైతుందని పలికిన మాట.

నవ్వకన్నా. నాకైతె నవ్వు రాలే.

ఆ పొద్దు గూడ మందు తాగిండు. ప్రభువు మాట పలికేటోడు లోపల ఖాళీగ ఉండాలె అన్నడు. చర్చికి పోయేదాక చెంబు పట్టుకొని దొడ్డికి తిరుగుడే. రేకుల చర్చి, పైన ఎండ నిప్పులు గురుస్తాంది. జనం బయట పందిరి దాక ఉన్నరు.

ఐదో మాట అని పిలిసిండ్రు. లేసిండు. తెల్ల బట్టలు. బల్ల పట్టుకొని నిలబడ్డడు. నోరు తెరిసిండు, మాట రాలే. పెదవులు అతుక్కున్నయి. మళ్లా తెరిసి "దూపైతాంది" అన్నడు.

గంతే అన్నా. చర్చిల చదివినట్టు అనలే, ఇంట్ల నన్నడిగినట్టు అన్నడు. "దూపైతాంది... నీళ్లు..." అని నా దిక్కు చూసిండు.

చర్చి చర్చంత గొల్లుమన్నది! ఏం పలికిండు, మన మాటల పలికిండు, ప్రభువే వచ్చి పలికినట్టున్నది అని ఆడోళ్లు కొంగులు నోట్ల కుక్కుకున్నరు. మోకాళ్ల మీద కూలబడ్డడు. ఇంక ఏడ్సిండ్రు. బోర్ల పడ్డడు. స్తోత్రం, స్తోత్రం అని కేకలు!

నీళ్ల సీసా పట్టుకొని ఉరికిన నేను. పాస్టరమ్మ నా రెక్క పట్టుకున్నది. "అక్కా, ఆత్మ కార్యం జరుగుతాంది, అడ్డం పోకు" అన్నది. నూకేసి పోయిన. ఆయన తల లేపి పట్టి సీసా నోట్ల పెడితె నీళ్లు చెంప మీదికెళ్లి కారిపోయినయి. కండ్లు తెల్లగ తిరిగినయి. "ఓ అయ్యల్లారా, గిది దేవుని వాక్యం గాదు, మనిషి సస్తుండు!" అని అరిసిన. ఎనక పాడేటోళ్లు పాడుతనే ఉన్నరు.

కొత్తగ వచ్చింది గద నూటెనిమిది బండి, దాంట్ల ఖమ్మం దవాఖానకు తీస్కపోయినం. ఒంట్ల నీళ్లు లేవు, ఉప్పు లేదు, కిడ్నీలు దెబ్బతిన్నయన్నరు. ఇంకొక్కసారి గిట్లయితె బతకడు, మీ ఇష్టం అన్నడు డాక్టరు. మా బిడ్డ అక్సా ఆ డాక్టరుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఈస్టర్ నాడు లోకమంత కొత్త బట్టలేసుకుంటె నేను ఆ వార్డుల గోడకు ఆనుకొని కూసున్న.

అప్పుడు కండ్లు తెరిసిండు. నీళ్లడుగుతడేమో అని వంగిన. ఏమడిగిండో ఎరుకేనా?

"జనం ఏడ్సిండ్రా?" అన్నడు.

"ఏడ్సిండ్రు" అన్న. "అందరా?" అన్నడు. "అందరు" అన్న. నవ్విండు. పెండ్లయినకాన్నుంచి ఆయన మొఖంల గసొంటి నవ్వు సూడలేదన్నా నేను!

ఎందుకు నవ్వడు చెప్పు? బాయిల మనిషి మొఖం ఎవడు చూస్తడు? దిగేటప్పుడు హాజరు బిళ్ల మీది నంబరు, ఎక్కేటప్పుడు బిళ్ల నంబరు. మసి పూసుకున్నంక అందరిదీ ఒక్కటే మొఖం. గేటు కాడ నిలబడి నేనే ఎన్నిసార్లు వేరేటోన్ని చూసి ఈయన అనుకున్ననో! అసొంటోన్ని చూసి ఊరంత ఏడ్సింది. ఆ రుచి మరిగిండు. ఇగ అన్నం రుచి యాడ ఆనుతది?

అప్పట్నుంచి చర్చిలోళ్లు పిలుసుడు, ఈయన పోవుడు. ఇటు కుసుమంచి, అటు చర్ల దాక పోయి దేవుడు బతికిచ్చిండని సాక్ష్యం చెప్పొచ్చిండు. చచ్చి లేసిన స్తెఫను అంటరిప్పుడు. నీ మందు సంగతి సాక్ష్యంల రాదులే, రంది పడకు.

ఈ ఏడు గూడ ఐదో మాట ఆయనదే. జనమే అడిగిండ్రట. పక్క ఊర్ల నుంచి ఆటోలు మాట్లాడుకుంటున్నరట. ఎందుకొస్తుండ్రన్నా? వాక్యం విననీకా? ఆయన పడుతాంటె చూడనీకి! పడకపోతె ఊకుంటరా? ఆ సంగతి ఆయనకూ ఎరుకే. గందుకే ఉపాసం ఒక్కటి సాలదని నీకు ఫోన్ జేసిండు.

వద్దని చెప్పలేదా అంటె చెప్పిన. "నీకు విశ్వాసం లేదే జోజమ్మా" అంటడు. అక్సా ఏడ్సుకుంట చెప్పింది. ఆ పిల్లకూ విశ్వాసం లేదట!

ఏందన్నా? గట్టిగ చెప్పు. శొంఠిపొడా? నీ సంచిల ఉన్నది ఉత్త శొంఠీ బెల్లమేనా?

అంటె నీకు ముందే తెలుసా! ఎవరు జెప్పిండ్రు... అక్సా ఫోన్ జేసిందా? అయ్యో నా తల్లి! మరి గింతసేపు నన్ను మాట్లాడిచ్చుకుంట కూసున్నవేందయ్యా?

మంచిపని జేసినవ్. నీ పిల్లలు సల్లగుండ.

గాని ఒక్కటి చెప్త, ఎవ్వరితోని అనకు. మొన్న కట్టెల కోసం దొడ్లకు పోతె కొట్టంల దబ్బున సప్పుడైంది. తలుపు సందుల నుంచి చూసిన. ఆయనే. లేసిండు, దుమ్ము దులుపుకున్నడు. బల్ల పట్టుకున్నట్టు చేతులు పెట్టిండు, పెదవులు కదిపిండు, మోకాళ్లు వంచిండు, పడ్డడు. ఈసారి మెల్లగ, ఓ పక్కకు. మొఖం జనం దిక్కు ఉండేటట్టు.

నేను ఎనకకొచ్చి పొయ్యి అంటువెట్టిన.

శొంఠి మింగినా పడతడన్నా, మందు మింగినా పడతడు. ఉపాసమైతె నిజమే గద. షుగరు నిజమే, ఆ పాడైన కిడ్నీలు నిజమే. నిరుడు చర్చంత మోసపోయింది, నేనొక్కదాన్నే మోసపోలే. ఈ ఏడు ఆయన కింద పడుంటె అది ఏ పడుడో నాగ్గూడ తెల్వదు.