టాల్మన్ కోర్టు గోడ మీద బీట

1984 జూన్ 4న శ్రీమతి వెర్నా స్టకీ గారు కాన్సాస్‌లోని టాల్మన్ కౌంటీ కోర్టులో రికార్డుల గుమాస్తాగా చేరారు. ఏ దారిన వచ్చిన రైతుకూ వీపు చూపకూడదని నాలుగు వైపులా ఒకేలాంటి కమాను ద్వారాలతో, తమ పొలాల్లో తవ్విన సున్నపురాయితో పెద్దలు 1889లో కట్టుకున్న భవనమది. పన్నెండేళ్లలో ఆమె ప్రధాన గుమాస్తా అయ్యారు. ఆ రాళ్లలో ఏది ఎవరి పొలానిదో చెప్పగలిగినవారు ఆమె ఒక్కరే.

2011లో పడమటి వైపు గోపురం కింది గోడ నిలువునా బీటలు వారిందని నివేదిక వచ్చింది. భవనం కూల్చివేతకు కౌంటీని పాలించే ముగ్గురు కమిషనర్లూ సభలో చేతులెత్తారు. నివేదికకు జతచేసిన ఫోటో చూడగానే వెర్నా గారికి ఒళ్లు మండింది. కమిషనర్ల సభలో ఉద్యోగులు నోరెత్తకూడదు. అందుకే భోజన విరామంలో సుత్తి పట్టుకుని పడమటి వసారాలోని ఆ గోడ దగ్గరికి నడిచారు.

చప్పుడు విని కమిషనర్ల అధ్యక్షుడు డ్వేన్ ఓల్‌రిచ్ పరుగెత్తుకొచ్చారు. "వెర్నా! మతి పోయిందా? కౌంటీ ఆస్తి పగలగొడతావా?"

"మీరు భవనమే కూల్చేస్తారట, నేను గుప్పెడు గచ్చు రాలిస్తే కొంప మునిగిందా? ఇటు రండి డ్వేన్. ఇది రాయా, ఇటుకా?"

"ఇటుకే."

"మన తాతలు ఇక్కడ ఒక్క ఇటుక వాడలేదు. ఇది 1958లో మీ నాన్నగారు కమిషనర్‌గా ఉన్నప్పుడు అతికించిన గది. రెంటికీ కలిపి గచ్చు పూసేసరికి ఏది ఏదో అందరూ మరిచిపోయారు. బీటలు వారింది మీ నాన్న గది, కోర్టు కాదు!"

ఆ గదిని తీసేశారు, కోర్టు నిలిచింది. కోర్టును కాపాడినందుకు గుర్తుగా తర్వాత గోడకెక్కిన ఫలకంలో మాత్రం కూల్చేయమన్న ఆ ముగ్గురి పేర్లే ఉన్నాయి. వెర్నా గారి పేరు చిన్న అక్షరాల్లోనైనా లేదు. అంతకన్నా సిగ్గుచేటు మరొకటుంది. ఆమె పదవీ విరమణ చేస్తున్న ఈ శుక్రవారం దాటగానే, సోమవారం సభలో, కూల్చివేత మళ్లీ చర్చకు వస్తోంది. జతచేసింది అదే నివేదిక, అదే ఫోటో. పదమూడేళ్ల క్రితమే తీసేసిన గోడ మీది బీట!

ఆమె వెళ్లిపోతారని ఎదురుచూసినవారు ఒక్క సంగతి మరిచారు. సోమవారం నుంచి ఆమె ఉద్యోగి కారు, పౌరురాలు. ప్రతి పౌరుడికీ సభలో మూడు నిమిషాలు మాట్లాడే హక్కుంది. వెర్నా గారు చెక్కుచెదరని ఆరోగ్యంతో, ఖంగుమనే గొంతుతో, ఇంకా ముప్పై ఏళ్లపాటు ప్రతి సోమవారం ఆ మూడు నిమిషాలూ పూర్తిగా వాడుకోవాలని సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం.