అందరం కలిసే లార్కిన్‌కి

వాషింగ్టన్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల భోజనాల హాలు. ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రుల మీటింగు ముగిసి అందరూ ఇళ్ళకు పోయాక, నల్లజాతి వెర్నెట్టా, తెల్లజాతి హేడ్లీ మాత్రం మిగిలిపోయి కుర్చీలు మడుస్తున్నారు. వెర్నెట్టాకు అప్పటికే ఆ కుర్చీల్లో కూర్చుని వెళ్ళిన మనుషుల మీద రోత పుట్టి ఉంది.

“ఉమ్మేయాలనిపిస్తోంది వెర్నెట్టా, నిజంగా. మొన్న గురువారం ఇదే హాల్లో, ఇదిగో ఈ వరసలోనే కూర్చుని చెయ్యెత్తాడా లేదా ఆ ప్రెస్కాట్?”

“ఎత్తాడు.”

“‘అందరం కలిసే లార్కిన్‌కి’ అని అరిచాడా లేదా?”

“నీకంటే గట్టిగా అరిచాడు హేడ్లీ. ఆ కుర్చీ ఇటివ్వు.”

“అరిచి, ఇవాళ పొద్దున ఫోన్ చేసి పక్క రాష్ట్రం మేరీలాండ్‌లో ఇల్లు కొన్నామంటాడు! పెద్ద పెరడు కావాలనిపించిందట. పెరడట, పెరడు! వాళ్ళకి కుక్క కూడా లేదు.”

“పెరడు కాదులే. లార్కిన్‌లో మీ పిల్లల్లాంటి పిల్లలు లేరని.”

“‘మీ’ అంటావేంటి?”

“సర్లే. మన.”

“ఈ బడిలో ఐదో తరగతి అయిందంటే తర్వాత లార్కిన్ మిడిల్ స్కూలుకే వెళ్ళాలి. మన వీధులకి రాసిపెట్టింది ఆ బడే. ఇల్లు కొన్నప్పుడు తెలీదా వీళ్ళకి? తెలుసు. చిన్న క్లాసుల్లో ఉన్నంతకాలం అన్ని రంగుల పిల్లలూ పక్కన కావాలి, ఫోటోలు కావాలి. నాలుగో తరగతి రాగానే ఒక్కొక్కడి చూపూ తలుపు మీదకే పోతుంది.”

“నేను చూస్తూనే ఉన్నా. ఏటేటా ఇదే తంతు.”

“ఆ డాక్టరమ్మ చూడు. పార్కు అవతల, డబ్బున్నవాళ్ళ వైపు, ఎవరి ఇంటి కిందో ఒక చీకటి గది అద్దెకి తీసుకుని, ఆ అడ్రసుతో పిల్లని అక్కడి బడిలో వేస్తోందట. గదిలో మంచం కూడా లేదట. ఛీ!”

“ఛీ.”

“అందుకేగా నేను అందరిచేతా ఒట్టు వేయించింది! కలిసి వెళ్తే ఎవరికీ భయం ఉండదు. ఎవరికైనా ఊరి బడుల సీట్ల లాటరీలో వేరే బడి తగిలినా సరే, కాలదన్నాలి. ఒక్కళ్ళు జారితే మిగతావాళ్ళూ జారతారు.”

“చెప్పావు గురువారం. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నావు.”

“ఎందుకు పెట్టుకోను? అంత బాధ నాకు. ఇది వినలేదు నువ్వు. ప్రెస్కాట్ వాళ్ళింటి ముందు గడ్డిలో ‘అందరం కలిసే లార్కిన్‌కి’ అని మన ఆకుపచ్చ బోర్డు ఉందిగా? వచ్చేటప్పుడు కారు ఆపి పీకి పారేశాను.”

“పీకేశావా!”

“పీకి నా డిక్కీలో పడేశాను. వాళ్ళావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. చూడనీ.”

“వాళ్ళు తెచ్చిన పాస్తా సలాడు మిగిలిపోయింది. ఏం చెయ్యను?”

“చెత్తబుట్టలో వెయ్.”

“వేశా. అన్నట్టు, శనివారం లార్కిన్‌లో కొత్త పిల్లలకి బడి చూపిస్తారుగా. మా కమీల్‌ని తీసుకెళ్తున్నా. మీ జాస్పర్‌నీ నా కార్లో ఎక్కించుకోనా?”

“శనివారమా?”

“పొద్దున.”

“శనివారం వాడికి మ్యాచ్ ఉందేమో.”

“మ్యాచ్ ఆదివారమన్నావు ఇందాక. ఆడే పిల్లలకి నారింజ ముక్కలు ఎవరు తెస్తారని అడిగావు అందర్నీ.”

“అన్నానా? అయితే ప్రాక్టీసు అయ్యుంటుంది. చూస్తాలే. ఆ కాఫీ డబ్బా కడిగావా?”

“కడిగా. చూడ్డానికేముంది ఇందులో? కమీల్ అయితే జాస్పర్ పక్క లాకరే అడుగుతానని ఇప్పట్నించే గొడవ.”

“బంగారుతల్లి. నిజంగా. ఎక్కడున్నా నెగ్గుకొస్తుంది అది.”

“ఎక్కడున్నా ఏంటి? లార్కిన్‌లో ఉంటుంది. నీ కొడుకు పక్కన.”

“అదే, అదే నేనన్నది. వెర్నెట్టా, నిన్నొకటి అడగాలనుకుంటున్నా. మన ఈ గుంపుకి ఇకనించి నువ్వు పెద్దగా ఉండకూడదూ?”

“నేనా? నువ్వుండగా?”

“నేనెంత అరిచినా నిన్న మొన్న వచ్చినదాన్ని. నువ్వు ఈ వీధిలో పుట్టావు, లార్కిన్‌లో చదివావు. నువ్వు చెప్తే నమ్ముతారు. నిన్ను చూస్తే, ఎలా చెప్పాలి, చూడగానే ఒక నమ్మకం కలుగుతుంది.”

“నన్ను చూస్తే.”

“అపార్థం చేసుకోకు.”

“చేసుకోలేదు. బాగానే అర్థమైంది. ఇంతకీ నువ్వెందుకు తప్పుకుంటున్నావు?”

“తప్పుకోవడం కాదు. పనెక్కువైంది. ఆఫీసు, ఇల్లు, మా అమ్మ మోకాలి ఆపరేషను—”

“హేడ్లీ! ఇక్కడున్నావా? ఫోన్ ఎత్తవేం?”

“వెస్లీ, నిన్ను కార్లో ఉండమన్నాను కదా.”

“ఉన్నా. బట్టల కొట్టువాడు ఫోన్ చేశాడు, మూసేస్తాడట. హలో వెర్నెట్టా! హేడ్లీ, జాస్పర్ నడుము కొలతెంత చెప్పు, వాడు ప్యాంట్లు రెండు సైజులు తీసి పెట్టాడట. బూడిదరంగు కోటు మాత్రం కుదిరింది. నిన్న తొడిగి చూస్తే బుల్లి లాయర్లా ఉన్నాడు మన కొడుకు.”

“వెస్లీ.”

“జేబు మీద బడి గుర్తు ఊరికే కుట్టిస్తారట—”

“వెస్లీ, కార్లోకి వెళ్ళు.”

“ఏ కోటు వెస్లీ?”

“అదే వెర్నెట్టా, యూని... ఆఁ. కోటా? పెళ్ళికి. పెళ్ళుంది మాకు.”

“ఎవరి పెళ్ళి?”

“ఎవరిదంటే... హేడ్లీ, ఎవరి పెళ్ళి?”

“నువ్వు కార్లోకి వెళ్తావా లేదా!”

“వెళ్తున్నా, వెళ్తున్నా. ఉంటా వెర్నెట్టా.”

“లార్కిన్‌లో యూనిఫాం లేదు హేడ్లీ.”

“తెలుసు.”

“బూడిదరంగు కోటు వేసుకునే ప్రభుత్వ బడి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. లాటరీ తగిలితే తప్ప ఎవర్నీ రానివ్వని హిల్‌మూర్.”

“ఒక్క నిమిషం కూర్చో, చెప్తాను.”

“కుర్చీలన్నీ మడిచేశాం. నిలబడే చెప్పు.”

“కావాలని చేసింది కాదు. చలికాలంలో ఎప్పుడో లాటరీలో పేరు వేశాం, ఈ ఒట్టు లేనప్పుడు. ఊరికే వేశాం, అందరూ వేస్తారు. సీటు రాలేదు కూడా. వెయిటింగులో మొదటి పేరు మాది, అంతే. అసలు మర్చిపోయాను నేను.”

“మర్చిపోయావు.”

“ఇంచుమించు.”

“గురువారం రాత్రి మైకు పట్టుకుని, సీటొచ్చినా కాలదన్నండి అని మాచేత చెయ్యెత్తించావు. ఎవరన్నా కాలదన్నితే అది పోయి పడేది నీ ఒళ్ళోనే.”

“అలా అంటే చాలా నీచంగా ఉంటుంది వినడానికి.”

“ఎలా అంటే బాగుంటుందో చెప్పు, అలాగే అంటాను.”

“నమ్మే చెప్పాను! ఆ రాత్రి ప్రతి మాటా నమ్మే చెప్పాను. తర్వాత ఫోన్ మోగింది. తల్లిని, నేనేం చెయ్యను? వాడికి ఆయాసం ఉంది. లెక్కల్లో వాడు క్లాసుని దాటిపోయాడు. లార్కిన్‌లో ఆ లెక్కలు చెప్పేవాళ్ళే లేరు.”

“కమీల్ కూడా ఆ లెక్కలే చేస్తుంది. వాడి బల్ల మీదే.”

“కమీల్ వేరు.”

“ఎలా వేరు?”

“గట్టి పిల్ల, తట్టుకుంటుంది. నీలాగే. మావాడు సున్నితం.”

“పదేళ్ళ పిల్ల అది. దీపం ఆర్పితే ఏడుస్తుంది. దాన్ని గట్టి పిల్ల అనడానికి నువ్వెవరు?”

“మంచికే అన్నాను! నువ్వు చదివిన బడేగా అది, నువ్వేమీ పాడైపోలేదే.”

“చదివాను కాబట్టే తెలుసు. పై అంతస్తులో బాత్రూములకి తలుపులు ఉండేవి కావు. సైన్సు టీచరు లేక ఏడాదంతా టీవీ పెట్టి కూర్చోబెట్టారు. మా అమ్మ వెళ్ళి అడిగితే, రేపు రమ్మనేవాళ్ళు. నువ్వు వెళ్ళి అడిగితే కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, నోట్సు రాసుకుంటారు. మీ పిల్లలు కూడా అక్కడుంటే మీరు ఊరుకోరు, మా పిల్లలకీ తలుపులొస్తాయి, టీచర్లొస్తారు అనుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నా. అందుకే నీ వెనక నడిచాను.”

“అడుగుతాను! వాడక్కడ లేకపోయినా నేను అడుగుతాను. విరాళాలు పోగుచేస్తాను, పుస్తకాలు—”

“వద్దు. వాంతొచ్చేలా ఉంది.”

“అంత మాటనకు వెర్నెట్టా.”

“ఇవాళ సాయంత్రమేగా ప్రెస్కాట్ వాళ్ళ బోర్డు పీకావు. ఇంట్లో నీ కొడుకు కోటు హ్యాంగరుకి వేలాడుతుంటే, వాళ్ళింటి ముందు కారు ఆపి పీకావు. నీకు చేతులెలా వచ్చాయి?”

“వాళ్ళు ముందే చెప్పుండొచ్చుగా అందరికీ!”

“నువ్వెప్పుడు చెప్పేదానివి?”

“జూన్‌లో. బడి అయిపోయాక.”

“జూన్‌లో.”

“ఇప్పుడు చెప్తే మిగిలినవాళ్ళూ పారిపోతారు. నష్టం ఎవరికి? కమీల్‌కి. ఒకరకంగా నీ కోసమే దాచాను.”

“నా కోసం దాచావు.”

“వెటకారం చెయ్యకు. అందుకే ఈ గుంపుని నువ్వు నడపమంటున్నా. నీ మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. నువ్వెప్పుడూ లార్కిన్ అనే అన్నావు, ఇంకో బడి వైపు తలెత్తి కూడా చూళ్ళేదు.”

“అలా అనుకున్నావా?”

“అనుకోవడమేంటి, అందరికీ తెలుసు.”

“హిల్‌మూర్ నించి నీకు ఫోన్ ఎప్పుడొచ్చింది?”

“ఇప్పుడదెందుకు?”

“చెప్పు.”

“శుక్రవారం మధ్యాహ్నం.”

“మన మీటింగు మర్నాడు.”

“ఆఁ. ఆ పొద్దున్నే ఎవరో సీటొద్దని చెప్పేశారట. ఆరో తరగతిలో ఉన్న ఖాళీ అదొక్కటే. నమ్మగలవా? హిల్‌మూర్‌లో సీటు చేతిలో పడ్డాక ఎవరన్నా వద్దంటారా? ఎవడో పిచ్చోడని వెస్లీ ఒకటే నవ్వు.”

“నవ్వాడా?”

“నేను నవ్వలేదు, ఏడ్చాను. దేవుడే పంపాడనుకున్నాను. ఆ మనిషెవరో తెలిస్తే ఇంటికెళ్ళి కౌగిలించుకుని, నా చేత్తో చేసిన చాక్లెట్ కేకు ఇచ్చి రానూ! ఒట్టు, వెర్నెట్టా.”

“మా ఇంటికే తీసుకురా. చాక్లెట్ మాత్రం వద్దు, కమీల్‌కి పడదు.”