సీసమా, రాగి తొడుగా

"ఆగండి మావయ్యా, నా వేళ్ళు అంత తొందరగా పరిగెత్తవు. ముందు సీసం సంగతి చెప్పండి. రాగిది తర్వాత."

"సీసానిదేముందిరా మహీ? గరిటెలో కరిగించడం, అచ్చులో పొయ్యడం, చల్లారాక తట్టి తియ్యడం. గట్టిగా ఉండాలంటే కాస్త తగరం కలుపుతారు. నాతో వేటకొచ్చే మన ఏడుకొండలు గుడిసె ముందు కూచుని పూటకి నలభై తుపాకీ గుళ్ళు పోసేవాడు."

సింగపూరు టాంపినీస్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు, రెండువేల సంవత్సరం, ఆదివారం పొద్దున. ఊరూపేరూ లేనివాళ్ళు కూడా డాట్‌కామ్ పెట్టేస్తున్న రోజులు. కంప్యూటర్ ముందు మహీధర్, పక్కన ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ కేశవరావు, వంటింట్లో ఆయన చెల్లెలూ మహీధర్ తల్లీ అయిన అరుణమ్మ. తన వేట ముచ్చట్లు అడిగేవాడు ఇన్నాళ్ళకు దొరికాడని కేశవరావుకు పొద్దుట్నుంచీ ఒకటే సంబరం.

"ఇదంతా ఎవరు చదువుతార్రా?"

"అమెరికావాళ్ళు. మా క్లయింటుది వేటసామాన్ల కొట్టు. ఏ జంతువుకి ఏ తూటా కొనాలో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూపించే పేజీ కావాలంట. మా ఆఫీసులో తుపాకీ మొహం చూసినవాడు లేడు. ఇక్కడ జేబులో ఒక్క తూటా దొరికినా జైలే."

"తుపాకీ చూడని ఊళ్ళో కూచుని తూటాలు అమ్ముతున్నావన్నమాట."

"ఇప్పుడు ఉద్యోగాలన్నీ అంతే. చెప్పండి, సీసపు గుండు తగిలితే ఏమవుద్ది?"

"దాని రూపు మారదు. ఇటు దూరి అటు పోద్ది. పందికి తోలు మందం, కొవ్వు, ఎముక, అన్నీ దాటాలి. దానికి సీసమే మేలు. మాంసం కూడా పాడవదు. అటొక చిల్లు, ఇటొక చిల్లు, అంతే."

"ఒంట్లో ఉండిపోదా?"

"ఎప్పుడో తప్ప ఉండదు."

"రాశాను. ఇప్పుడు రెండోది. రాగి తొడుగు తూటా, ముక్కు దగ్గర గుంట ఉండేది."

"అవన్నీ నాకేం తెలుసురా. అవి పెద్దపెద్దోళ్ళవి."

"మీ రైఫిలుకి అవే వాడేవారు కదా."

"ఎవరు చెప్పారు?"

"మద్రాసు నుంచి తెప్పించావుగా అన్నయ్యా. డబ్బా మీద జింక బొమ్మ ఉండేది. ఉప్మాలో జీడిపప్పు వెయ్యనా?"

"వెయ్యమ్మా, వెయ్యి... ఆ, తెప్పించాను. ఒక్కటంటే ఒక్క డబ్బా."

"అది తగిలితే ఏమవుద్ది మావయ్యా?"

"విచ్చుకుంటది. గుంటలోకి కండ దూరేసరికి ముక్కు చీలి, రాగి వెనక్కి మడతలు పడతది. అక్కడికక్కడే ఆగిపోద్ది. జింకలాంటి మెత్తని వాటికి మంచిది, అడుగు కూడా వెయ్యదు. పక్కనున్న మాంసం మాత్రం పనికిరాదు."

"బయటికి రాదా?"

"రాదు... రాకపోవచ్చు. చాల్లే, రాసుకో. కింద బెంచీ మీద ఆ చైనా ముసలాయన నాకోసం చూస్తుంటాడు. అలా నడిచొస్తా."

"ఒక్క మాట. నాన్నకి తగిలింది సీసమే కదా?"

"ఇప్పుడా సంగతెందుకురా?"

"సీసమేనా?"

"సీసమే. ఏడుకొండలు నాటు తుపాకీది. అప్పటికి నీకు తొమ్మిదేళ్ళు, తెలియంది కాదు. పొద కదిలితే పంది అనుకున్నాడు. ఇటు దూరి అటు పోయింది. డాక్టరు చూశాడు, కాగితం రాశాడు."

"లోపలేమీ దొరకలేదని రాశాడు."

"ఆ."

"ఆ డాక్టరు మీతో పేకాడేవాడు."

"అయితే?"

"ఏం లేదు. కళ్ళజోడు పెట్టుకుని ఈ ఫోటో చూడండి. క్లయింటు పంపాడు. దుప్పి ఒంట్లోంచి తీసిన తూటా అంట."

"కనపడట్లేదురా."

"పెద్దది చేస్తా. ఆరు రేకులు. రాగివి. వెనక్కి మడత పడ్డవి. కనపడిందా?"

"ఊ."

"ఇప్పుడు దీన్ని చూడండి."

"మెళ్ళోంచి ఎందుకు తీశావురా దాన్ని? వేసుకో. అది మీ నాన్న తాయెత్తు."

"స్క్రీన్ పక్కన పెడుతున్నా. దీనికి నాలుగే ఉన్నాయి, రెండు ఊడిపోయాయి. మిగతాదంతా అదే."

"రాగి ముక్కలన్నీ ఒకలాగే ఉంటాయి."

"మూడో రోజు ఎముకలు ఏరడానికి నన్ను కూచోబెట్టారు. బూడిదలో ఇది దొరికింది. ఇదేంటి మావయ్యా అనడిగాను. మీ నాన్న మొలతాడుకున్న తాయెత్తురా అన్నారు. సీసమైతే మంటకి కరిగిపోయేది. ఇది కరగలేదు."

"ఒరే మహీ..."

"ఏడేళ్ళుగా ఎయిర్‌పోర్టులో దీన్ని ట్రేలో పెట్టి, అవతల తీసుకుని, మళ్ళీ మెళ్ళో వేసుకుంటున్నా. నాన్న తోడుంటాడని."

"పంది అనుకున్నాన్రా."

"ఊ."

"పంది అనుకున్నా. పొద కదిలింది. ఇద్దరం ఒక్కసారే కాల్చాం, నేనూ వాడూ. పందే అనుకున్నా."

"మరి ఏడుకొండలు ఎందుకు ఒప్పుకున్నాడు?"

"తనదే తగిలిందనుకున్నాడు. నేను గాల్లోకి కాల్చానన్నా. వాడు నమ్మాడు. అందరూ నమ్మారు."

"నాలుగేళ్ళు జైలు."

"నాలుగేళ్ళ రెండు నెలలు."

"ఇప్పటికీ తనే చంపాననుకుంటున్నాడా?"

"ఇప్పటికీ. మీ నాన్న తద్దినం నాడు వచ్చి గడప బయట కూచుంటాడు, చూశావుగా. విస్తరేసినా ముట్టుకోడు."

"ఊరెళ్ళాక ఆయనతో చెప్తారా?"

"నిన్ను పెంచింది నేను కాదా? చదివించింది నేను కాదా? ఈ సింగపూరుకి..."

"నేనడిగింది అది కాదు. ఆయనతో చెప్తారా?"

"చూద్దాంరా."

"ఆయనకీ అరవై దాటాయి. చూసేదేముంది?"

"నీకు ఏడుపైనా రావట్లేదేంట్రా? తిట్టు. కొట్టు. అలా మర చెప్పినట్టు అడుగుతావేంటి?"

"రావట్లేదు మావయ్యా. శుక్రవారం ఆ ఫోటో వచ్చింది. అప్పట్నుంచి చూస్తున్నా, కోపమూ రావట్లేదు, ఏడుపూ రావట్లేదు. పేజీ కూడా నిన్ననే పంపించేశాను."

"అంటే... పొద్దుట్నుంచి నన్నడిగిందంతా?"

"మీ నోటితో వినాలని. చిన్నప్పుడు భోజనాల దగ్గర నాకెదురుగా కూచుని 'పై గుండీ పెట్టుకోరా, పై గుండీ పెట్టుకోరా' అనేవారు. పద్ధతి నేర్పుతున్నారనుకున్నా."

"పెట్టుకోవడానికి ఉంటేగా? ఏ చొక్కా కొనిచ్చినా వారం తిరక్కుండా పై గుండీ ఊడగొట్టుకునేవాడివి. ముద్ద నోట్లో పెట్టుకుందామంటే నీ మెళ్ళో ఆ రాగిముక్క నా కళ్ళెదుటే. పదేళ్ళు, రెండుపూటలా. అది శిక్ష కాదా నాకు?"

"దాన్ని ఏడుకొండలు పడ్డ శిక్ష పక్కన పెట్టి చూడండి."

"ఒరే, నీ కాళ్ళు పట్టుకుంటా. వాడికి చెప్తాలే, ఏదో ఒకటి చేస్తాలే. మీ అమ్మకి మాత్రం తెలియనివ్వకు. అది తట్టుకోలేదు."

"ఉప్మా చల్లారిపోతోంది అన్నయ్యా. నీ పళ్ళెం ఇక్కడ పెడుతున్నా."

"అరుణా... ఎప్పుడొచ్చావమ్మా? ఏం విన్నావు?"

"కొత్తగా వినేదేముంది? ఆ సాయంత్రం వీడి గుప్పిట్లోంచి తీసి దాన్ని కడిగింది నేనే. నీ డబ్బాలోవి రోజూ తుడిచి పెట్టినదాన్ని. ఆ రాగి నాకు తెలీదా?"

"తెలిసి... తెలిసే నల్లతాడు కట్టి వీడి మెళ్ళో వేశావా?"

"నోరు తెరిస్తే పిల్లాణ్ణి తీసుకుని నీ గడప దిగాలి. ఎక్కడికి దిగను? తద్దినం తద్దినానికీ ఆ ఏడుకొండలు వాకిట్లో కూచుంటే మాట నోటిదాకా వచ్చేది, మింగేదాన్ని. ఆ పాపం నాదీను. చెప్పలేకే కట్టాను."

"అమ్మా, నేను గుండీలు ఊడగొట్టుకుంటానని చెప్పి మావయ్య చేత ఎన్ని తిట్లు తినిపించావు..."

"నువ్వు ఊడగొట్టుకునేవాడివి కాదు నాయనా. వారం వారం ఆ పై గుండీ నేనే తెంపేదాన్ని, మీ మావయ్యకి కనపడాలని."