ఇన్‌మెయ్ అత్త మందుకుండ

ఇన్‌మెయ్ అత్త సంగతా? చెబుతాను గానీ అమ్మడూ, ముందుది వెనకా వెనకది ముందూ అయితే ఏమనుకోకు. ఈమధ్య నాకు వరస నిలవడం లేదు. ఆవిడ మా పక్కింటావిడ, మా అత్తగారి ఈడుది. రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ ఏడు చలికి మా అత్తగారికి మలబద్ధకం పట్టుకుంది. కడుపు బండలా బిగిసి, గంజి కూడా వద్దనేది. మందులంగడి కాంగ్ తాత నాడి చూసి, జనప గింజలూ ఏవో బెరళ్లూ పొట్లం కట్టి, విరేచనం చేయించే దాహువాంగ్ వేరు మాత్రం విడిగా ఇచ్చాడు. 'ఇది ఆఖర్న వెయ్యి కోడలా, ఎక్కువ కాచావంటే దాని పదును చచ్చిపోతుంది' అన్నాడు. ఇనప గిన్నె పనికిరాదు, మట్టికుండే కావాలి. మాకు లేక ఇన్‌మెయ్ అత్తది తెచ్చాను. మందుకుండ అరువు తెస్తే మనం తిరిగి పట్టుకెళ్లకూడదు కదా, రోగాన్ని వాళ్ల గుమ్మంలో పెట్టినట్టు. కావలసినప్పుడు వాళ్లే వచ్చి పట్టుకుపోవాలి. కాచిన పిప్పి వీధిలో పోసేదాన్ని, నలుగురూ తొక్కితే రోగం పోతుందని. ఇన్‌మెయ్ అత్త దాన్ని కాలితో కదిపి చూసి గోడమీంచి కేకేసేది: 'ఏం వదినా, ఇవాళైనా కోడి గుడ్డు పెట్టిందా?' వీధంతా నవ్వు. 'నీ నోట్లో పుండు పుట్టా!' అని మా అత్తగారు తిట్టేది, తిడుతూనే నవ్వేది. గుడ్డు పెట్టిన రోజున మా అత్తగారే ముందు కేకేసి చెప్పింది కూడానూ.

తరవాత, వసంతం వచ్చిందేమో... కాదు, ఇంకా దూది కోట్లు తియ్యలేదు, ఇన్‌మెయ్ అత్త కేకలు ఆగిపోయాయి. కడుపు పట్టుకుని నడిచేది. మా అత్తగారు కనిపెట్టి, 'కుండ ఖాళీగానే ఉంది వదినా' అంటే, 'నాకెందుకూ? నాకు రోజూ సుఖంగానే అవుతోంది' అనేది. కుండ కోసం ఎలా వస్తుంది చెప్పు? అన్ని మాటలన్న నోటితో కుండ ఇమ్మనాలి, తన పిప్పీ వీధిలో పడాలి, ఇక జనం ఊరుకుంటారా? చివరికి మా అత్తగారే ఆగలేక, కుండ కోటు కింద దాచుకుని వాళ్ల గుమ్మానికి వెళ్లింది. వెనకే నేనూ. ఆవిడ కోడలు షుయిఫెన్ తలుపు తీసి, కుండ చూసి, 'ఏమిటి పెద్దమ్మా, మా ఇంటికి రోగం మోసుకొస్తావా! మా అత్తకేం లేదు' అని తలుపు మూసేసింది. పాపం, ఆ పిల్లకి నిజంగా తెలీదు, ఆవిడ చెప్పుకోలేదు. లోపల్నుంచి ఇన్‌మెయ్ అత్త గొంతు వినపడింది, 'రేపు నేనే వస్తాలే వదినా' అని. రాలేదు. పేగు మూసుకుపోయిందట. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది.

మళ్లీ చలికాలానికి మా అత్తగారికి కడుపు బిగిసింది. నేను పొట్లాలు తెచ్చి, కుండ దించబోతే చెయ్యి పట్టుకుంది. 'ముట్టుకోకు. ఆవిడొచ్చి అడిగితే ఇవ్వాల్సింది అది.' ఆవిడ లేదు కదత్తా అన్నాను. 'వస్తానంది' అంది.

...

ఆ గంజి చల్లారిపోతోంది, తాగు ముందు. ఆ కోడలి పేరు షుయిఫెనేనా, ఇంకేదైనానా? మీ నాన్నని ఒకసారి అడిగి చూడు.