మూడో ప్లేటులోని వెలుగు

1989వ సంవత్సరం జూలై పదిహేడవ తేదీన మన పరిశోధనాలయంలో సహాయ శాస్త్రవేత్తగా చేరి, విభాగాధిపతి స్థానానికి వన్నె తెచ్చిన మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. గాజు సామాను కడిగి, సూక్ష్మజీవులకు ఆహారం తయారుచేసే గదిలో పనిచేసే నన్ను కూడా నాలుగు మాటలు రాయమన్నారు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఒకే కణంలో వేల జన్యువులుండగా ఏది ఎప్పుడు పనిచేయాలో, ఏది ఊరకుండాలో ఎలా నిర్ణయమవుతుందన్నదే వారి జీవితకాల అన్వేషణ. తొలి సంవత్సరాలలో బాక్టీరియాపై కృషి చేశారు. పాల చక్కెర దొరికితేనే దాన్ని అరిగించుకునే జన్యువులు మేల్కొంటాయని నాకు చెబుతూ, "పాలు రాకముందే పొయ్యి వెలిగిస్తారా అమ్మా?" అన్నారు.

"వెలిగిస్తాను మేడమ్. గ్యాసు ఉందో లేదో చూసుకోవద్దూ?"

"బాక్టీరియాకు మీ అంత భయం లేదులెండి."

అనంతరం వారి దృష్టి బాక్టీరియాను పట్టే వైరస్‌ల వైపు మళ్లింది. వాటిలో కొన్ని లోపల చేరి, చాలాకాలం మౌనంగా ఉండి, అదను చూసి లేస్తాయని ఒక సమావేశంలో విన్నది మొదలు నాకు కంటిమీద కునుకు లేదు. అప్పుడు నా కూతురికి మూడేళ్లు. ఆ ఫ్లాస్కులు కడిగిన చేతులతో దాన్ని ఎత్తుకోవడం మానేశాను. అది చేతులు చాస్తే గోడవైపు తిరిగేదాన్ని. చివరకు ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి వారి గదికి వెళ్లాను.

"ఈ వైరస్ మన కణంలోకి చొరబడలేదమ్మా. చొరబడ్డా దాని జన్యువులు మన దగ్గర పనిచేయవు."

"మీరు కళ్లారా చూశారా మేడమ్?"

"చదివాను. చూడలేదు. కొన్నాళ్లు ఆగండి, చూద్దాం."

"ఈలోగా ఏమన్నా అయితే?"

"చేతి తొడుగులు వేసుకోండి. ఎలాగూ వేసుకోవాల్సినవే."

లోపలి జన్యువులు పనిచేస్తే పచ్చగా మెరిసేలా మరో జన్యువును చేర్చిన వైరస్‌ను ఒక ప్లేటులో బాక్టీరియాపై, ఇంకో ప్లేటులో మనిషి కణాలపై వేశారు. ప్లేట్లమీద 'పాప తల్లి కోసం' అని రాశారు.

"ఇది ఏ ప్రాజెక్టు కింద చూపాలి మేడమ్?" అని వారి దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి నవ్వాడు.

"నా పేరు కింద చూపించు."

చీకటి గదిలో నీలి దీపం కింద బాక్టీరియా పచ్చగా వెలిగింది. మనిషి కణాలు వెలగలేదు.

"మనిషి కణంలో అసలు వెలుగే రాదేమో మేడమ్" అన్నాను.

"అంటారని తెలుసు." మూడో ప్లేటు పెట్టారు. అందులోవీ మనిషి కణాలే. అదే పచ్చ జన్యువును, మన కణానికి అర్థమయ్యే మీట తగిలించి లోపల పెట్టారట. ప్లేటంతా వెలిగింది. "మన కణానికి వెలగడం చేతకాక కాదు, ఆ వైరస్ మాట అది వినదు, అంతే. మనుషులకు హాని చేసేవి వేరే ఉన్నాయి. వాటికి వేరే గది, వేరే జాగ్రత్తలు. మీ భయం వాటికోసం దాచుకోండి."

ఆ సాయంత్రం "చాలమ్మా, దించు" అని అదే మొత్తుకునేదాకా పాపను దించలేదు. ఉద్యోగమూ మానలేదు.

ఆపై మానవ కణాలపై వారు సాగించిన కృషి, తీర్చిదిద్దిన శిష్యుల గురించి తెలిసినవారు రాస్తారు. వారి ఒంట్లో ప్రతి కణమూ మేల్కొలపవలసిన జన్యువులను మేల్కొలుపుతూ, నిద్రపుచ్చవలసినవి నిద్రపుచ్చుతూ, నిండు నూరేళ్లు వారిని ఆరోగ్యంగా కాపాడాలని మనసారా కోరుకుంటున్నాను. వీడ్కోలు సభకు మా అమ్మాయి తన నెలల బిడ్డతో వస్తోంది. ఆ పసిదాన్ని ముందుగా మీ చేతుల్లోనే పెడతాను మేడమ్. చేతులు కడుక్కు రమ్మంటే మాత్రం నవ్వకండి.